కళ్లు మూసుకున్నది ఎవరు?

మా బావగారు నలభై ఏళ్లు కిరాణా కొట్టు నడిపిన మనిషి. ఇప్పుడు కొట్టు కొడుకు చూసుకుంటున్నాడు, ఆయన వాట్సాప్ చూసుకుంటున్నారు. పోయిన వారం కుటుంబ బృందంలోకి ఆయన పంపిన సందేశం ఆఫ్రికా గురించి. రెండు రోజుల్లో అదే మా అపార్ట్‌మెంటు బృందంలోనూ, నాతోపాటు బ్యాంకులో రిటైరైనవాళ్ల బృందంలోనూ ప్రత్యక్షమైంది. దాని సారాంశం ఇది:

"ఆఫ్రికాలో బంగారం ఉంది, వజ్రాలున్నాయి, చమురుంది. అయినా ఎందుకు పేదరికం? తెల్లవాడు బైబిలు చేతికిచ్చి కళ్లు మూసుకోమన్నాడు, తెరిచేసరికి భూమి పోయింది. ఆ కళ్లు ఇప్పటికీ సరిగ్గా తెరుచుకోలేదు. పని చేయరు, ప్రార్థన చేస్తారు. ప్రపంచం లక్ష కోట్ల డాలర్ల సాయం పోసింది, బూడిదలో పోసిన పన్నీరైంది. అప్పులు చేస్తారు, మాఫీ చేయమని ఏడుస్తారు, మళ్లీ చేస్తారు. మనమూ అప్పుడే స్వతంత్రులమయ్యాం, మనం చంద్రుడి మీదికి వెళ్లాం. మనవాళ్లు అక్కడికి కూలీలుగా వెళ్లి కోటీశ్వరులయ్యారు. ఆలోచించండి. పదిమందికీ పంపండి."

ఆలోచించమన్నారు కాబట్టి ఆలోచించాను. పదిమందికీ పంపలేదు.

నేను ఆఫ్రికా పండితుణ్ణి కాను. ముప్పై ఏళ్లు అప్పుల దస్త్రాలు చూసినవాణ్ణి. బకాయి పడ్డ రైతు పేరు పక్కన "అశ్రద్ధ" అని రాసి దస్త్రం కట్టేయడం ఎంత సులువో నాకు తెలుసు. ఊరికి వెళ్లి విచారిస్తే కాలువకు నీళ్లు వదలలేదనో, పంట కొన్న వ్యాపారి డబ్బు ఎగ్గొట్టాడనో తేలేది. ఈ సందేశం కూడా ఊరికి వెళ్లకుండా రాసిన నివేదికే.

"బైబిలు ఇచ్చి భూమి తీసుకున్నారు"

ఈ చమత్కారం దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్పు డెస్మండ్ టుటు పేరుతోనూ, కెన్యా మొదటి అధ్యక్షుడు జోమో కెన్యాట్టా పేరుతోనూ ఏళ్లుగా తిరుగుతోంది. చమత్కారంగా చక్కగానే ఉంది. కానీ భూమి ప్రార్థన చేస్తుండగా పోలేదు. కాగితాల మీద, తుపాకుల కింద పోయింది. ఆ కాగితాల దగ్గర మిషనరీ ఏ పక్కన నిలబడ్డాడన్నది ఊరికో రకంగా ఉంది.

రెండు కథలు చెబుతాను. రెండింటిలోనూ ఉన్నది ఒకే సంస్థ, లండన్ మిషనరీ సొసైటీ.

మొదటిది 1888లో, ఇప్పటి జింబాబ్వేలోని బులవాయోలో జరిగింది. దక్షిణాఫ్రికాలో గనులు నడిపే ఇంగ్లీషు వ్యాపారి సెసిల్ రోడ్స్ మనుషులు న్డెబెలె రాజు లోబెంగులా దగ్గరికి ఒక ఒప్పందం తెచ్చారు. నెలకు 100 పౌండ్లు, 1,000 తుపాకులు, లక్ష తూటాలు, జాంబెజీ నది మీద తిరగడానికి ఒక ఆవిరి పడవ ఇస్తారు. బదులుగా రాజ్యంలోని ఖనిజాల మీద హక్కంతా వాళ్లది. రాజుకు ఇంగ్లీషు చదవడం రాదు. మధ్యన దుభాషిగా కూర్చున్నది సొసైటీ మిషనరీ చార్లెస్ హెల్మ్. తవ్వడానికి పదిమంది కంటే ఎక్కువ తెల్లవాళ్లు రారని నోటిమాటగా రాజుకు చెప్పారు. ఆ మాట కాగితంలో లేదు. రాజు నమ్మింది పాస్టరు గారిని. మోసం అర్థమయ్యాక లోబెంగులా విక్టోరియా రాణికి ఉత్తరాలు రాశాడు, దూతలను పంపాడు. లాభం లేకపోయింది. 1889లో రోడ్స్ కంపెనీకి రాణిగారి సన్నదు దక్కింది. 1893లో మాక్సిమ్ మరతుపాకులతో కంపెనీ ఆ రాజ్యాన్ని ఊడ్చేసింది.

రెండోది ఏడేళ్ల తర్వాత, పక్క దేశం కథ. ఇప్పుడు బోట్స్వానా అంటున్న నేలను కూడా రోడ్స్ కంపెనీకి అప్పగించాలని లండన్ అనుకుంటోంది. 1895లో ముగ్గురు రాజులు, మూడో ఖామా, మొదటి సెబెలె, మొదటి బతోయెన్, ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లారు. వెంట వెళ్లిన మిషనరీ డబ్ల్యూ.సి. విలోబీ. ఖామా పరమ నిష్ఠాపరుడైన క్రైస్తవుడు, తన రాజ్యంలో సారా నిషేధించినవాడు. ఈ ముగ్గురూ ఇంగ్లండ్‌లో పట్టణం తర్వాత పట్టణం తిరిగి చర్చిల్లో, మద్యనిషేధ సంఘాల్లో మాట్లాడారు. కంపెనీ వస్తే మా భూమి పోతుంది, మా జనం సారా పాలవుతారు అని చెప్పుకున్నారు. భక్తులైన ఓటర్ల నుంచి ఒత్తిడి మొదలయ్యేసరికి వలసల మంత్రి జోసెఫ్ చాంబర్లిన్ దిగివచ్చాడు. రైలు మార్గానికి ఒక పట్టీ భూమి, గుడిసె పన్ను ఇచ్చుకుని మిగతా నేలను వాళ్లు కంపెనీ నోటికి అందకుండా కాపాడుకున్నారు. కొద్ది వారాలకే కంపెనీ మనుషులు పక్కనున్న బోయర్ల రాజ్యం ట్రాన్స్‌వాల్ మీద దాడికి వెళ్లి పట్టుబడటంతో రోడ్స్ పరువు పోయింది, ఈ నేల జోలికి మళ్లీ రాలేకపోయాడు.

1966లో బోట్స్వానాకు స్వాతంత్ర్యం వచ్చేనాటికి అది ప్రపంచంలోని అతి పేద దేశాల్లో ఒకటి. తారు రోడ్డు పది, పన్నెండు కిలోమీటర్లు ఉండేదేమో. మరుసటి ఏడాది ఒరాపాలో వజ్రాలు బయటపడ్డాయి. ఆ నేల, దేశపు మొదటి అధ్యక్షుడు సెరెట్సె ఖామా సొంత తెగది. ఆయన మూడో ఖామాకు మనవడు. గనులు తెగవి కావు, దేశానివి అని చట్టం చేయించాడు. తవ్వే కంపెనీలో తర్వాత ప్రభుత్వానికి సగం వాటా వచ్చింది. ఆ డబ్బు బడులకూ రోడ్లకూ వెళ్లింది. ఇప్పుడు బోట్స్వానా తలసరి ఆదాయం మన దేశానికి రెట్టింపు కంటే ఎక్కువ. 1895లో ఆ ముగ్గురూ కళ్లు మూసుకుని కూర్చుని ఉంటే ఒరాపా ఎవరి సొత్తయ్యేదో బావగారే చెప్పాలి.

ఇంకొక్క మాట. క్రైస్తవం ఆఫ్రికాకు తెల్లవాడు తెచ్చిన సరుకన్న మాట కూడా మొత్తం ఖండానికి వర్తించదు. ఇథియోపియాలోని అక్సుమ్ రాజు ఎజానా నాలుగో శతాబ్దంలోనే తన నాణేల మీద శిలువ ముద్రించాడు. ఇంగ్లండ్ అన్న దేశం అప్పటికి పుట్టలేదు.

"ఆ కళ్లు ఇప్పటికీ తెరుచుకోలేదు"

దీనికి ఒక్క మలావీ చాలు. ఆ దేశపు నోట్ల మీద జాన్ చిలెంబ్వే బొమ్మ ఉంటుంది. బాప్టిస్టు పాస్టరు. అమెరికాలో చదివి 1900లో తిరిగొచ్చి బడులు పెట్టాడు. పక్కనున్న తెల్లదొరల తోటల్లో కౌలుకు బదులు వెట్టి చేయించేవారు, దాన్ని 'తంగట' అనేవారు. అతను కట్టిన బడులనూ గుళ్లనూ తోట యాజమాన్యం తగలబెట్టించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తమది కాని పోరులో మా వాళ్లు ఎందుకు చావాలని పత్రికకు ఉత్తరం రాశాడు. 1915 జనవరిలో తిరగబడ్డాడు. మనుషులను చంపాడు, కొద్ది రోజులకే తానూ చంపబడ్డాడు. నేను ఆ హింసను మెచ్చుకోవడం లేదు. బైబిలు చదివి నిద్రపోయినవాడి కథ కాదు అంటున్నానంతే. మన్యంలో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు దీనికి ఏడేళ్ల తర్వాత వచ్చింది. అక్కడా రోడ్డు పనుల వెట్టి, అక్కడా దైవభక్తి నిండిన నాయకుడు. రాజుగారి పూజలు చూసి ఆయన కళ్లు మూసుకున్నాడని మనం అనం కదా.

అదే మలావీలో స్వాతంత్ర్యం తర్వాత హేస్టింగ్స్ బాండా యావజ్జీవ అధ్యక్షుడయ్యాడు. పార్టీ కార్డు లేకపోతే బస్సు ఎక్కనిచ్చేవారు కారు. ముప్పై ఏళ్ల దగ్గరగా ఎవరూ నోరెత్తలేదు. 1992 మార్చి 8న, ఆదివారం, దేశంలోని కథోలిక గుళ్లన్నింటిలో బిషప్పుల ఉత్తరం ఒకటి చదివారు. అందులో వేదాంతం కంటే జమాఖర్చు ఎక్కువ. కూలి చాలడం లేదు, ఆసుపత్రుల్లో మందులు లేవు, బడుల్లో చోటు లేదు, కొందరే బలుస్తున్నారు, మాట్లాడితే జైలు. ఆ ఉత్తరం దగ్గర ఉంచుకోవడమే రాజద్రోహమని ప్రభుత్వం ప్రకటించింది. బిషప్పులను పోలీసులు గంటల తరబడి ప్రశ్నించారు. కార్మికులు, విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 1993 జూన్‌లో ప్రజాభిప్రాయ సేకరణలో మూడింట రెండొంతుల దగ్గరగా జనం ఏకపార్టీ పాలన వద్దన్నారు. 1994 ఎన్నికల్లో బాండా ఓడిపోయాడు.

గుడి అంతటా ఇలాగే నిలబడిందని నేను అనను. 1994లో రువాండాలో గుళ్లలో తలదాచుకున్నవాళ్లను గుళ్లలోనే నరికారు. అథనాసె సెరోంబా అనే పూజారికి, తన గుడిలో చేరిన వాళ్ల హత్యలో పాలుపంచుకున్నందుకు రువాండా మారణకాండ విచారణకు పెట్టిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ యావజ్జీవ శిక్ష వేసింది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షకు వేదవాక్యాలు వెతికి ఇచ్చింది ఒక చర్చి. ఆ విధానం మతద్రోహమని 1982లో ప్రకటించింది ఆ చర్చి కుటుంబానికే చెందిన ప్రపంచ సమాఖ్య. మతం అధికారం ఒడిలో కూర్చున్నచోట ఒక కథ, ఎదురుగా నిలబడ్డచోట ఇంకో కథ. సందేశం రాసినాయనకు ఈ తేడా పట్టలేదు.

"పని చేయరు, ప్రార్థన చేస్తారు"

సోమరివాడు పని చేయకుండా చట్టం చేయాల్సిన అవసరం ఎవరికైనా ఉంటుందా? కెన్యాలో బ్రిటిష్ వాళ్లు ఆఫ్రికన్ రైతులను దశాబ్దాల పాటు కాఫీ పెంచనివ్వలేదు. ఆ ఆంక్షలు పూర్తిగా సడలడానికి 1950లు రావలసి వచ్చింది. పోటీ వస్తుందని తెల్లదొరల భయం. దక్షిణ రొడీషియాలో, అంటే ఇప్పటి జింబాబ్వేలో, 1931లో మొక్కజొన్న నియంత్రణ చట్టం తెచ్చి నల్ల రైతు గింజకు తక్కువ ధర, తెల్ల రైతు గింజకు ఎక్కువ ధర కట్టారు. గింజ ఒకటే. 1913 నాటి దక్షిణాఫ్రికా భూచట్టం జనాభాలో అత్యధికులైన నల్లవాళ్లకు సుమారు 7 శాతం భూమి వదిలి, బయట కొనుక్కోవడం నిషేధించింది. గుడిసె పన్ను ఎందుకు వేశారు? సొంత పొలం వదిలి గనులకూ తోటలకూ కూలికి రావాలని. పన్ను డబ్బు రూపంలోనే కట్టాలి, డబ్బు తెల్లవాడి దగ్గరే ఉంది. ఇంత యంత్రాంగం నడిపింది సోమరులను లొంగదీయడానికి కాదు, సొంతంగా బతకగలిగినవాళ్లను లొంగదీయడానికి.

అడ్డుకోనిచోట ఏం జరిగిందో ఘనాలో చూడవచ్చు. టెటె క్వార్షీ అనే కమ్మరి 1879లో ఫెర్నాండో పో దీవి నుంచి కోకో గింజలు తెచ్చి మంపాంగ్‌లో నాటాడు. అతను పని నేర్చుకున్నది బాసెల్ మిషన్ వర్క్‌షాపులో. మన ఇళ్ల మీద మంగళూరు పెంకుల పరిశ్రమ మొదలుపెట్టింది కూడా ఈ బాసెల్ మిషనే. కోకో తెల్లదొరల తోటల్లో కాదు, చిన్న రైతుల చేతుల్లో పెరిగింది. పొరుగూళ్లకు వెళ్లి అడవి కొనడానికి రైతులు జట్లు కట్టి చందాలు వేసుకున్నారు. 1911 నాటికి ప్రపంచంలో కోకో ఎక్కువ పండించే దేశం అదే. 1937-38లో యూరోపియన్ కంపెనీలు కుమ్మక్కై ధర పడగొడితే ఆ రైతులు నెలల తరబడి గింజ అమ్మకుండా బిగబట్టారు. మన గుంటూరు మిర్చి రైతులు ఎన్నడైనా అలా చేయగలిగారా అని ఒక్కోసారి అనిపిస్తుంది.

సెనెగల్‌లో మురీద్‌లు అని ఒక సూఫీ శాఖ ఉంది. వ్యవస్థాపకుడు అమదూ బాంబాను ఫ్రెంచివాళ్లు 1895లో గాబన్‌కు ప్రవాసం పంపారు. ఆయన బోధలో పని చేయడం భక్తిలో భాగం. శిష్యులు అడవి కొట్టి వేరుశనగ వేశారు, తర్వాతి తరాలు యూరప్ వీధుల్లో వ్యాపారం చేసి ఇంటికి డబ్బు పంపాయి. ఆయన వెలయించిన తూబా పల్లె ఇప్పుడు దేశంలో రెండో పెద్ద నగరం. అక్కడ గురువులు శిష్యుల శ్రమ మీద బతికారన్న విమర్శా ఉంది. ఉండనివ్వండి, అదీ నిజమే. సోమరితనం మాత్రం కాదు.

బావగారి పక్షాన ఒప్పుకోవలసినవి ఉన్నాయి. విరాళం వేస్తే దేవుడు కారు ఇస్తాడని బోధించి తాము విమానాలు కొనుక్కునే పాస్టర్లు ఉన్నారు. ఘనాలో జాతీయ కేథడ్రల్ పేరుతో 5 కోట్ల 80 లక్షల డాలర్ల ప్రజాధనం ఖర్చయ్యాక మిగిలింది ఒక గొయ్యి. కెన్యాలోని షకహోలా అడవిలో ఉపవాసం ఉండి చస్తే స్వర్గమని నమ్మించిన ఒక బోధకుడి అనుచరుల శవాలు 2023లో 400కు పైగా దొరికాయి. ఇవి కడుపు రగిలించే సంగతులు. కానీ వీటిని ఒక ఖండం పేదరికానికి కారణంగా చూపడం కుదరదు. ప్రపంచంలోకెల్లా పెద్ద చర్చి సంఘంగా పేరుపడ్డది దక్షిణ కొరియా రాజధానిలో, ఆ దేశం దూసుకుపోయిన దశాబ్దాల్లోనే పెరిగింది. తిరుమల హుండీ నిండుతోందని ఆంధ్ర రైతును సోమరి అనేవాళ్లను నేను చూడలేదు.

"లక్ష కోట్ల డాలర్ల సాయం"

ఇక్కడ నా పాత అలవాటు మేలుకుంది, కాగితం తీసుకున్నాను. లక్ష కోట్ల డాలర్లు, యాభై ఏళ్లలో. ఏడాదికి 2,000 కోట్లు. ఆ కాలంలో ఆఫ్రికా జనాభా 1960లో 28 కోట్ల నుంచి 2010లో 100 కోట్లు దాటింది, సగటున 60 కోట్లు అనుకుందాం. మనిషికి ఏడాదికి 33 డాలర్లు. నెలకు మూడు డాలర్లు కూడా లేదు. బావగారి కొట్లో ఒక ఖాతాదారుడి నెల సరుకుల చీటీ దీని కంటే పెద్దది.

పైగా అది జనం చేతికి వెళ్లిన డబ్బు కాదు. కాంగోలో ఎన్నికైన ప్రధాని పాట్రిస్ లుముంబాను 1961 జనవరిలో చంపించాక, 1965 నుంచి 1997 వరకు ఏలిన మొబుటుకు అమెరికా, బెల్జియం, ఫ్రాన్స్ దశాబ్దాల పాటు డబ్బు పోస్తూ వచ్చాయి. తినేస్తున్నాడని వాళ్లకు తెలియక కాదు, రష్యా వైపు పోకూడదని. బ్యాంకు మేనేజరే దొంగ హామీ మీద అప్పు మంజూరు చేస్తే తప్పు ఎవరిదని రాస్తాం?

సందేశంలో రాబడి వైపే ఉంది, పోబడి వైపు లేదు. ఆఫ్రికా నుంచి అక్రమంగా బయటికి పోతున్న డబ్బు ఏడాదికి 5,000 కోట్ల డాలర్లకు పైనే అని దక్షిణాఫ్రికా మాజీ అధ్యక్షుడు థాబో ఎంబెకి నాయకత్వంలోని ఉన్నతస్థాయి బృందం 2015లో తేల్చింది. 2020లో ఐక్యరాజ్యసమితి వాణిజ్య విభాగం కట్టిన లెక్క 8,860 కోట్లు. ఎగుమతి చేసే ఖనిజానికి తక్కువ ధర చూపడం, లాభాన్ని పన్ను లేని దేశంలోని అనుబంధ కంపెనీకి మళ్లించడం ఇందులో పెద్ద భాగం. ఇటు గిన్నెతో పోస్తే అటు బిందెతో తోడుతున్నారు.

సాయం తింటే సోమరులవుతారన్న సిద్ధాంతానికి మన తరమే సాక్షి. 1960లలో ఓడల మీద వచ్చిన అమెరికా గోధుమ తిని పెరిగాం. ఆ తర్వాత సొంతంగా పండించుకున్నాం.

"అప్పులు, మాఫీ, మళ్లీ అప్పులు"

ఇది నా రంగం, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. జాంబియా అనే ఒక్క దస్త్రం తెరుద్దాం.

1979లో జాంబియా రొమేనియా దగ్గర వ్యవసాయ యంత్రాలు అప్పు మీద కొంది. రాగి ధర పడిపోయింది, వాయిదాలు తప్పాయి. 1999 నాటికి వడ్డీతో కలిపి బకాయి 3 కోట్ల డాలర్ల దాకా పెరిగింది. రొమేనియా ఆ పత్రాన్ని డొనెగల్ ఇంటర్నేషనల్ అనే సంస్థకు 33 లక్షల డాలర్ల లోపు ధరకే అమ్మేసింది. కొన్న సంస్థ లండన్ హైకోర్టులో 5 కోట్ల 50 లక్షలకు దావా వేసింది. 2007లో కోర్టు కోటిన్నర డాలర్లకు పైగా ఇవ్వమంది. అప్పుడే మిగతా దేశాలు జాంబియా బాకీలు రద్దు చేసి ఉన్నాయి. ఆ వెసులుబాటుతో 2006 ఏప్రిల్‌లో పల్లెల్లో ఆరోగ్య కేంద్రాల ఫీజులు ఎత్తేశారు. ఒక చేత్తో ఆసుపత్రి ఫీజు తీసేస్తే ఇంకో చేత్తో రాబందు ఎత్తుకుపోయిందన్నమాట. ఈ తరహా సంస్థల పేరే రాబందు నిధులు. 2010లో బ్రిటన్ వాటికి కళ్లెం వేస్తూ చట్టం చేసింది.

ఆ మాఫీ ఏడుపుతో వచ్చింది కాదు. బైబిలులోని లేవీయకాండం 25వ అధ్యాయంలో యాభయ్యో ఏడాదిని సునాద సంవత్సరమంటారు, ఇంగ్లీషులో జూబిలీ. ఆ ఏడు అమ్ముకున్న భూమి అసలు కుటుంబానికి తిరిగి రావాలి, అప్పుకు దాసుడైనవాడు ఇంటికి వెళ్లాలి. ఈ మాట పట్టుకునే, పేద దేశాల అప్పులు రద్దు చేయాలని 'జూబిలీ 2000' ఉద్యమం లేచింది. 1998 మేలో బర్మింగ్‌హామ్‌లో ధనిక దేశాల నాయకులు కూడినప్పుడు 70,000 మంది చేతులు పట్టుకుని ఊరి చుట్టూ నిలబడ్డారు. ఎక్కువమంది గుళ్ల నుంచి వచ్చినవాళ్లే. టాంజానియా 2001లో ప్రాథమిక బడి ఫీజు ఎత్తేయగానే బడులు పట్టనంతమంది పిల్లలు వచ్చారు. వడ్డీ కింద పోయే డబ్బు ఆగడం అందుకు కొంత కారణం.

మళ్లీ అప్పులు చేశారా? చేశారు. జాంబియా 2012లో 75 కోట్ల డాలర్ల బాండ్లు 5 శాతం పైచిలుకు వడ్డీకి అమ్మింది, 2015లో 125 కోట్లకు 9 శాతం దగ్గర ఇవ్వాల్సి వచ్చింది. 2020 నవంబరులో చేతులెత్తేసింది. పాలకుల దుబారా ఉంది, కాదనను. కానీ రాగి ఒక్కటే అమ్ముకునే దేశానికి, రాగి ధర ఎక్కువున్న ఏడాది వెంటపడి అప్పిచ్చి, ధర పడిన ఏడాది వడ్డీ పెంచితే, ఆ మంజూరు చేసినవాడిని కూడా నేనైతే సంజాయిషీ అడుగుతాను.

మతం మాట కూడా జాంబియాలోనే తేల్చుకోవచ్చు. అధ్యక్షుడు ఫ్రెడరిక్ చిలూబా 1991 డిసెంబరులో దేశాన్ని క్రైస్తవ దేశమని ప్రకటించాడు. పదేళ్ల తర్వాత రాజ్యాంగం మార్చి మూడోసారి నిలబడాలనుకున్నప్పుడు అతన్ని ఆపింది ఎవరనుకున్నారు? దేశంలోని మూడు చర్చి సమాఖ్యలు, న్యాయవాదుల సంఘం, మహిళా సంఘాలు కలిసి. 2007లో లండన్ కోర్టు, సివిల్ కేసులో, అతనూ అనుచరులూ దేశాన్ని 4 కోట్ల 60 లక్షల డాలర్ల మేర మోసగించారని తీర్పిచ్చింది. స్వదేశంలో క్రిమినల్ కేసులో 2009లో నిర్దోషిగా బయటపడ్డాడు.

నాకు అన్నింటికంటే నచ్చింది జాంబియా రాజధాని లుసాకాలో జెసూట్ అనే కథోలిక శాఖ పూజారులు నడిపే ఒక కేంద్రం చేసే పని. 1990ల మొదటి నుంచి వాళ్లు నెలనెలా బజారుకు మనుషులను పంపి, ఒక కుటుంబం బతకడానికి ఎంత కావాలో ధరల పట్టీ వేస్తారు. మొక్కజొన్న పిండి, చిక్కుడు గింజలు, కపెంట అనే ఎండు చేపలు, నూనె, బొగ్గు, ఇంటద్దె. పక్కన ఒక టీచరు జీతం ఎంతో రాస్తారు. రెండంకెల మధ్య తేడా చూసి ఎవరూ వేదాంతం అడగరు. జీతాల బేరాల్లో కార్మిక సంఘాలు ఆ పట్టీ చేత పట్టుకుని కూర్చుంటాయి.

"మనం చంద్రుడి మీదికి వెళ్లాం"

వెళ్లాం, సంతోషం. కానీ ఆఫ్రికా ఒక దేశం కాదు, 54 దేశాలు. మనకు 1947లో వస్తే వాటిలో 17 దేశాలకు 1960లో, జింబాబ్వేకు 1980లో, నమీబియాకు 1990లో వచ్చింది. దక్షిణాఫ్రికా నల్లవాడు ఓటు వేసింది 1994లో. మనకు 1857లోనే మూడు విశ్వవిద్యాలయాలు, 1907లో టాటా ఉక్కు కంపెనీ. పశ్చిమ యూరప్ అంత ఉన్న కాంగోకు స్వాతంత్ర్యం నాటికి పట్టభద్రులు ఇరవైమంది లేరు. ఇన్ని ఉండీ తలసరి ఆదాయంలో మొరాకో, ఈజిప్టు, నమీబియా, గాబన్ మన కంటే ముందున్నాయి. మారిషస్ నాలుగు రెట్లకు పైన.

"మనవాళ్లు కూలీలుగా వెళ్లి కోటీశ్వరులయ్యారు"

మారిషస్ పేరు వచ్చింది కాబట్టి ఇది కూడా అక్కడే. మన కోరంగి రేవు నుంచి వెళ్లినవాళ్లను అక్కడ ఊరి పేరుతోనే కోరింగీలు అన్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. వాళ్ల ముత్తాతలు ఎందుకు అవసరమయ్యారు? 1835లో బానిసత్వం పోయింది, చెరకు తోటలకు చేతులు కావాలి. బానిసలను కోల్పోయినందుకు యజమానులకు 20 లక్షల పౌండ్లకు పైగా పరిహారం ముట్టింది. బానిసలకు ఒక్క పెన్నీ లేదు. ఒకరికి పెట్టుబడి ఇచ్చి, ఇంకొకరిని ఉత్త చేతులతో వదిలి, వాళ్ల కూలి తగ్గించడానికి మూడోవాళ్లను ఓడల్లో దించి, వందేళ్ల తర్వాత ఎవరు బాగుపడ్డారో పోల్చడం ఏ రకం న్యాయం?

ఇప్పుడు దక్షిణాఫ్రికాలో ఉన్న నేటాల్‌కు 1860లో మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో వెళ్లింది. తెలుగువాళ్లూ పెద్ద సంఖ్యలో వెళ్లారు. కూలి మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు. ఒప్పందం ముగిశాక అక్కడే ఉండిపోతే ఏటా 3 పౌండ్ల పన్ను అని 1895లో చట్టం తెచ్చారు. అంటే ఆరు నెలల కూలి. 1913లో గాంధీ వెనుక గని కార్మికులు, తోట కూలీలు సమ్మె కట్టింది ఆ పన్ను మీదే. అక్కడ తొలి సంపన్నుల్లో చాలామంది కూలీల సంతతి కాదు, సొంత ఖర్చుతో సరుకు పట్టుకుని వెళ్లిన గుజరాతీ వర్తకులు. మన కూలీ, పక్కనున్న జూలూ కూలీ ఒకే దొర కింద రెండు రకాల పన్నులు కట్టారు.

ఇదంతా రాసి బావగారికి పంపాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నిన్న రాత్రి ఫోను చేశారు. చిలెంబ్వే గురించీ అడగలేదు, చిలూబా గురించీ అడగలేదు.

"ఆ లుసాకా పట్టీలో పిండి బస్తా ఎన్ని కిలోలది బావా?"

"ఇరవై అయిదు కిలోలది. అయిదుగురి కుటుంబానికి నెలకు రెండు బస్తాలు."

కాసేపు లెక్క వేసుకున్నట్టున్నారు. "మనిషికి పది కిలోలు. సంకటి తినేవాళ్లకు సరిపోతుంది, పక్కన పప్పు ఉంటే," అన్నారు. "ఆ చిక్కుడు గింజలు కిలో ఎంతో కూడా చూసి చెప్పు."